దిగువ కృష్ణాసీమలో ఇంటి ఛాయాపటముల రక్షణము

శాసనములు, తామ్రపత్రములు, కైఫీయతులు, తాళపత్రగ్రంథములు చరిత్రకు ఆధారములని పండితలోకము అంగీకరించి చాల కాలమైనది. ఇంటి గోడకు వ్రేలాడు ఛాయాపటమును, ట్రంకుపెట్టె అడుగున అణఁగియున్న పెండ్లిపటమును అట్టి ఆధారములలోఁ జేర్చినవారు మాత్రము అరుదు. రాజవంశములకు శాసనములు కలవు. సామాన్య కుటుంబమునకు పురోహితుని నోటిమాటయు, పొలము దస్తావేజును దక్క, గడచిన నూఱేండ్లకు సాక్ష్యమిచ్చునది ఈ కాగితపు ముక్కయే. కట్టు, బొట్టు, నగ, తలపాగ, పెండ్లిపందిరి, పసివాని చేతిలోని బొమ్మ మొదలైన, ఏ గ్రంథకర్తయు వ్రాసిపెట్టని సంగతులు అందుఁ గానవచ్చును. అట్టిదానిని ఇంటివారు ఎట్లు దాఁచిరి, ఎట్లు పోఁగొట్టుకొనిరి అనుట చరిత్రకారునకు చిన్న ప్రశ్న కాదు.

బంటుమిల్లి మచిలీబందరునకు ఈశాన్యముగా, పెడనకు ఆవల, పంటకాలువలకును సముద్రమునకును నడుమనున్న పల్లపునేలలోని గ్రామము. తూర్పున ఉప్పుటేటి వఱకును, పడమట గుడివాడ వఱకును, దక్షిణమున బందరు మీఁదుగా దివిసీమ వఱకును నేల ఇంచుమించు ఇట్టిదే. 1855లో విజయవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువల వెంబడి వరిసాగు పెరిగి, ఈ సీమలో నాలుగు డబ్బులు నిలిచెను. పట్టణమునకు పోయి ఫొటో తీయించుకొనుటకు తగిన కలిమి కొందఱి యిండ్లకు వచ్చినది ఆ పంట వలననే. అయితే ఆ కాలువనీరే ఇంటి పునాదులకు తేమను తెచ్చినది. సంవత్సరమున నధికభాగము సముద్రపుగాలి చెమ్మతోడను ఉప్పుతోడను వీచునట్టి చోట, కాగితము నిలుచుటయే కష్టము. ఇచ్చటి ఛాయాపటముల కథ అంతయు ఈ రెండు ముక్కలలో ఇమిడియున్నది.

ఛాయాపటము రాకమునుపు ఈ ప్రాంతపు ఇండ్లలో భద్రపఱుపఁదగిన వస్తువు తాటియాకు పుస్తకము. దాని రక్షణమునకు పెద్దలు ఏర్పఱచుకొన్న పద్ధతి కలదు. ఆకులను ఉడికించి, ఆరఁబెట్టి, గంటముతో వ్రాసి, మసి పూసి, పైని క్రింద కొయ్యపలకలు పెట్టి, త్రాటితో బిగించి, ఎఱ్ఱగుడ్డలోఁ జుట్టి అటక మీఁద నుంచెడివారు. వంటయింటి పొగ తగులు చోటైనచో మఱియు మేలని తలఁచిరి. పొగకు పురుగు చేరదు. వస, వేపాకు, కర్పూరము, పసుపు మూటలోఁ జేర్చుటయు, నిమ్మగడ్డి నూనె పూయుటయు కలదు. అంత చేసినను రెండుమూఁడు తరములకు ఆకు శిథిలమగును. అందుచేత మఱల ప్రతి వ్రాయింపవలసియుండెను. తాళపత్రము నిజముగా బ్రదికినది ప్రతివలననే కాని పెట్టెవలన కాదు. 1820వ దశకమున బందరున ఉద్యోగించిన బ్రౌనుదొర పిమ్మట కడపలో పండితులను జీతమిచ్చి పెట్టి ప్రతులు వ్రాయించుటయు, అంతకుముందే మెకంజీ కొఱకు కావలి సోదరులు ఊరూర తిరిగి కైఫీయతులు కూర్చుటయు ఈ సత్యము తెలిసి చేసిన పనులే. ఆ ప్రతులు లేకున్నచో తెలుఁగు వాఙ్మయములో నెంత భాగము అటకలమీఁదనే మన్నైయుండెడిదో చెప్పరాదు.

తాళపత్రమునకు మఱియొక సుగుణము కలదు. ఆకులకు సంఖ్య యుండును. నడుమ త్రాడు ఉండును. కడపట లేఖకుఁడు తన పేరును, సంవత్సరమాస తిథివారములను, ఎవరి కొఱకు వ్రాసెనో దానిని చెప్పును. ప్రభవాది సంవత్సరములు అఱువదేండ్లకొకమాఱు తిరిగివచ్చుటచేత కాలనిర్ణయమున చిక్కు కలుగుట నిజమే. ఐనను పేరైనను మిగులును. ఛాయాపటమునకు ఈ అంత్యగద్య లేదు. ఈ లోపము ఎంతటి నష్టమునకు కారణమైనదో ముందు చెప్పఁబడును.

ఫ్రాన్సు దేశమున డాగెరు పద్ధతియు, ఇంగ్లాండున టాల్బటు పద్ధతియు 1839లో వెల్లడియైనవి. డాగెరు పలక ఒక్కటే ప్రతి. అది పోయినచో మఱి లేదు. టాల్బటు పద్ధతిలో తలక్రిందుల వెలుఁగునీడలు గల మాతృక యొకటి ఏర్పడి, దానినుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. లోకము కడకు ఈ రెండవదానినే స్వీకరించెను. చెన్నపట్టణమున చిత్రకళాశాలను నెలకొల్పిన హంటరుగారి పూనికచేత 1856లో ఛాయాగ్రాహకుల సమాజము ఏర్పడెను. అదే కాలమున ట్రైపు అను సైనికోద్యోగి దొరతనమువారి పక్షమున మధుర, తంజావూరు మొదలైన చోట్ల దేవాలయములను పటములుగాఁ దీసెను. నాఁడు ఈ విద్య దొరలది, దేవాలయములది, కోటలది. రైతు ముఖము కొఱకు పెట్టె తెఱచినవారు లేరు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపై పొంగి ముప్పదివేలమంది వఱకు మరణించిరి. అప్పటికి ఛాయాగ్రహణవిద్య పుట్టి ఇరువదియైదేండ్లైనను, ఆ మృతులలో ముఖము మిగిల్చిపోయినవారు ఎందఱుందురు? లెక్కలున్నవి, ఉత్తరములున్నవి, ముఖములు లేవు. నూటపదుమూఁడేండ్లకు మఱల సముద్రము పొంగినప్పటి స్థితితో దీనిని పోల్చి చూడవలెను.

1871లో మాడక్సు అను ఆంగ్ల వైద్యుఁడు జెలాటిను పూఁతగల పొడిపలకను కనుఁగొనెను. 1888లో ఈస్టుమను కోడకు పెట్టెను బయటపెట్టెను. అంతటినుండి ఈ విద్య చౌకయై చిన్న పట్టణములకు దిగివచ్చెను. హైదరాబాదున ఆఱవ నిజామునొద్ద సంస్థాన ఛాయాగ్రాహకుఁడై బిరుదమందిన లాలా దీనదయాళు (1844-1905) చేతి గాజుపలకలు రెండువేలకుఁ బైగా నేఁడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. సంస్థానపు పటములకు అట్టి యోగము కలిగినది. చిన్నయూరి స్టూడియోలకు ఆ భాగ్యము లేదు. కొట్టు మూసివేసిన నాఁడు పలకలు అద్దముల క్రింద అమ్ముడుపోవుటయు, పూఁత కడిగి కిటికీలకు వాడుకొనుటయు పలు దేశములలో జరిగిన సంగతి. పెద్ద సంస్థలకును క్షేమము లేదనుటకు కలకత్తాలోని బోరను, షెపర్డు వారి ప్రాఁత స్టూడియోయే సాక్షి. 1991లో అగ్నిప్రమాదమున దానిలోని మాతృకలు అపారముగా దగ్ధమైనవి. కావున ఇంటివాని చేతిలోని ప్రతియే పెక్కుచోట్ల కడపటి ప్రతి యని గుర్తింపవలెను.

ఆ ప్రతిని ఇంటివారు ఎచ్చట నుంచిరి? మొదట గోడమీఁద. మండువా లోఁగిలిలో దూలముల క్రింద, వసారా గోడమీఁద మేకు కొట్టి, అద్దముతో కొయ్యచట్రము కట్టించి, ముందునకు వాలునట్లు త్రాటితో వ్రేలాడఁదీసిరి. ఫొటో తీయించుకొన్నచో ఆయుస్సు తగ్గునను భయము కొందఱికి ఉండెడిది. అందుచేత బ్రదికియుండఁగా తీయించుకొనక, చనిపోయిన పిమ్మట శరీరమును కూర్చుండఁబెట్టి తీయించిన పటములును కలవు. మృతుల పటమునకు దండ వేసి, గంధము పూసి, కుంకుమ దిద్ది, అగరువత్తి వెలిఁగించుట ఆచారమయ్యెను. ఇట్లు ఛాయాపటము పూజాద్రవ్యములలోఁ జేరెను.

ఇచ్చట ఒక వింత కలదు. పందొమ్మిదవ శతాబ్దపు పటములలో అధికభాగమునకు పూఁత కోడిగ్రుడ్డు తెల్లసొన. పిమ్మటి జెలాటిను పశువుల యెముకలనుండియు చర్మములనుండియు తీసిన జిగురు. మడి కట్టుకొని వంట చేసిన యిండ్లలో సహితము ఇట్టి పటములు దేవుని గూటి ప్రక్కనే వెలసినవి. తెలిసినవారు పలుకలేదు, తెలియనివారు అడుగలేదు. పటములోని మనుజుఁడు ప్రధానమైన చోట పటము దేనితో చేయఁబడెనో ఎవరికిఁ బట్టెను?

కాని రక్షణ విషయమున అది దేనితోఁ జేయఁబడెనను ప్రశ్నయే ప్రధానమైనది. తాళపత్రమునకు చేసిన ఉపచారమునే ఇంటివారు ఛాయాపటమునకును చేసిరి. దానివలననే చాల నష్టము కలిగెను. తాటియాకునకు హితమైన పొగ ఛాయాపటమునకు విషము. అందలి నల్లదనము సన్నని వెండిరేణువుల పోగు. పొగలోని గంధకాంశము వెండిని మార్చి పసుపు పఱచును. అంచుల యందు అద్దమువంటి నీలపు మెఱుపు తేలుటయు వెండి చెడుటకు గుర్తే. నూనె మఱకయై నిలుచును. పసుపు, కుంకుమ తడి తగిలిన క్షణమున దిగఁబాఱును. ఎఱ్ఱగుడ్డ రంగు వఱదలో కాగితమున కెక్కును. గంజి పెట్టిన బట్టలోఁ జుట్టినచో ఆ గంజికొఱకు పురుగు వచ్చును. ట్రంకుపెట్టెలో చీరల నడుమ వేయు కలరా ఉండలును ఇట్టివే. వాని ఆవిరి బట్టలకు మేలైనను, ప్లాస్టికు తొడుగులతో కలసి ఉన్న పటములకు మేలు కాదు. పెద్దల పద్ధతి తప్పు గాదు, వస్తువు మాఱినది. ఒకదాని మందు మఱియొకదానికి పనిచేయదను వైద్యసూత్రము ఇచ్చటను వర్తించును.

ఈ సీమలో ఛాయాపటమునకు నిత్యశత్రువు తేమ. గాలిలో తేమ నూటికి అఱువదియైదు పాళ్లు మించి చాల దినములున్నచో జెలాటిను మెత్తబడి దానిమీఁద బూజు మొలచును. బూజు ఆ జిగురునే ఆహారముగాఁ గొనును. తుడిచినచో ముఖము సహితము తుడుచుకొనిపోవును. అద్దమునకు ఆనించి కట్టిన పటము వానకాలమున అద్దమునకే అంటుకొనును. వేసవిలో ఆఱినప్పుడు ఊడదీయఁబోయినచో ముఖము అద్దముమీఁదను కాగితము చేతిలోను మిగులును. పటమునకును అద్దమునకును నడుమ మందపు అట్టచట్రము పెట్టి సందు విడిచినచో ఈ చేటు తప్పును. పూర్వపు మంచి పనివారు కొందఱు ఇట్లే కట్టిరి. చట్రము వెనుక చౌకబారు కొయ్యపలక పెట్టినవారి పటములపై ఆ కొయ్యగీఱలే గోధుమవన్నెతో అచ్చువడినవి. మట్టిగోడ, సున్నపుగోడ నేలనుండి నీటిని పైకి పీల్చును. వానదెబ్బ తగులు బయటిగోడకంటె లోపలిగోడ మేలు. గోడకును చట్రమునకును నడుమ బెండుముక్కలు పెట్టి గాలి ఆడునట్లు చేయుట ఇంకను మేలు. అటక వేసవిలో కొలిమి. నేలమాళిగ ఈ ప్రాంతమున లేనేలేదు. మంచము క్రింది పెట్టెకు చెదల భయము, వఱద భయము. మిగిలినది నడిమి గదిలోని బీరువా పై అఱ. అందుఁ బటములను అట్టపెట్టెలో, ఆమ్లము లేని కాగితపు కవరులలో, పరచి యుంచుట నేఁటి గ్రంథాలయపండితులు చెప్పు మార్గము. ప్లాస్టికు తొడుగే కావలసినచో పాలీప్రొపిలీను, పాలియెస్టరు జాతివి తగును. ఘాటైన వాసన గల పీవీసీ తొడుగులు కాలక్రమమున పటమును అంటి చెఱచును.

క్రొత్తది ప్రాఁతదానికంటె గట్టిదని తలఁచుట సహజము. ఛాయాపటముల విషయమున ఇది తలక్రిందైనది. సరిగా కడిగి తీసిన 1940 నాఁటి నలుపు తెలుపు పటము నేఁడును చెక్కుచెదరక నిలుచును. 1970, 1980 దశకముల రంగుపటములు పెక్కు చీఁకటిపెట్టెలో నున్నను వెలసిపోయి, నీలము తగ్గి, ముఖములు ఎఱ్ఱవాఱినవి. అందలి రంగులు వెండి కావు, నిలుకడలేని అద్దకములు. ఆ దినములలోనే జిగురుపుటల ఆల్బములు బజారునకు వచ్చినవి. పటమును పుటపై నుంచి పైతొడుగు అదిమినంత నిలుచుట చూచి జనులు మెచ్చుకొనిరి. ముప్పదియేండ్లకు జిగురు పసుపువాఱి, పటము పుట నుండి విడివడక, కత్తితోఁ గోసినఁగాని రాని దశ పట్టినది. కలంకారి అద్దకమునకు పేరెన్నికగన్న పెడన ప్రక్కనే ఉండియు, ఏ రంగు నిలుచునో ఏది నిలువదో మాత్రము ఇంటివారు విచారింపరైరి. కంపెనీవారు చెప్పిన మాటయే నమ్మిరి.

ఇంతవఱకు చెప్పినది మెల్లఁగా జరుగు నాశము. ఒక్క రాత్రిలో జరుగు నాశము వేఱు. 1977 నవంబరు 19వ తేదీన తుపానుతోఁ గూడిన ఉప్పెన దివిసీమపైఁ బడి, ప్రభుత్వపు లెక్కచేతనే పదివేలమంది వఱకు ప్రాణములు కోల్పోయిరి. కోడూరు ప్రాంతపు పాలకాయతిప్ప వంటి ఊళ్లు తుడిచిపెట్టుకొనిపోయినవి. 1864 నాఁటికిని దీనికిని భేదమేమనఁగా, ఈ మాఱు మృతులలో చాలమందికి ఎప్పుడో ఒకప్పుడు ఫొటో తీయఁబడియుండెను. పెండ్లినాఁడో, బడిలోనో, తీర్థయాత్రలోనో. ఆ ఫొటోయు వారితోనే పోయెను. గోడ పడినచోట గోడమీఁది పటము నిలువదు. బ్రదికి బయటపడినవానికి తల్లి ముఖమును చూపుటకు మిగిలినది దూరపు ఊరిలోని బంధువుల యింటి ప్రతి యొక్కటే. ఆఁడుబిడ్డ అత్తవారింటికి గొనిపోయిన పటము, మేనమామ యింట వ్రేలాడు పెండ్లిపటము, బడివారు తీయించిన గుంపు ఫొటో, వీనిలో ఏదైన ఒకటి లోతట్టు ఊళ్లలో ఉన్నచో అందుండి ముఖమును వేఱుచేసి పెద్దదిగాఁ జేయించుకొనవచ్చును. తెలుఁగువారి వివాహసంబంధము ఇట్లు తెలియకయే ఒక గ్రంథభాండాగారపు పనిచేసినది. బందరునుండి గుడివాడకు, గుడివాడనుండి ఏలూరికి కూఁతుండ్రతోఁ గూడ ప్రతులును వెళ్లినవి. తాళపత్రమును బ్రదికించిన ప్రతియే ఛాయాపటమును బ్రదికించినది.

1990 మే నెలలో మఱల ఈ తీరమునకు తీవ్రమైన తుపాను వచ్చెను. అప్పటికి ముందుగా హెచ్చరించి లక్షలకొలఁది జనులను తరలించుటచేత ప్రాణనష్టము 1977 నాఁటికంటె నెంతయో తగ్గెను. తరలిపోవువాఁడు చేతఁ గొనిపోవునది ఒక్క మూట. నగలు, పొలము కాగితములు, రేషను కార్డు అందుఁ జేరును. గోడకు మేకులతో బిగించిన పండ్రెండు పటములు చేరవు. 2009 అక్టోబరున కృష్ణకు పదునొకండు లక్షల ఘనపుటడుగులకు మించిన వఱద వచ్చి దివిసీమ ఊళ్లు మునిఁగినప్పుడును, 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతము దినముల తరబడి నీట నుండినప్పుడును స్థితి యిదే. కావున ఇంటి పటములలో ముఖ్యమైన పది యిరువదింటిని వేఱుచేసి, నీరు చొరని సంచిలో దస్తావేజులతోఁ గలిపి, ఒక చేత ఎత్తుకొనిపోవునట్లు ఉంచుట ఈ సీమకు ప్రత్యేకముగా అవసరమైన పద్ధతి. మిట్టప్రదేశపు గ్రంథములలో ఈ మాట కానరాదు.

తడిసిన పటమును కాపాడుటకు కాలము స్వల్పము. రెండు దినములు గడచిన బూజు మొదలగును. కట్టగా ఎండనిచ్చినచో అన్నియు ఒక్క ముద్ద యగును. అటుపిమ్మట ఎవరి తరమును కాదు. తడిగా నుండఁగానే వానిని ఒక్కొక్కటిగా విడదీయవలెను. అంటుకొన్నచో లాగక, చల్లని మంచినీటిలో నానఁబెట్టి తమంత తామే విడివడువఱకు వేచియుండవలెను. బురద యున్నచో నీటిలో ఆడించి వదలఁగొట్టవలెనే కాని వ్రేలితో రుద్దరాదు. పిదప ముఖభాగము పైకి ఉండునట్లు శుభ్రమైన గుడ్డమీఁద నీడలో ఆఱఁబెట్టవలెను, లేదా మూలను పట్టి దండెమునకు తగిలింపవలెను. ఎండలో పెట్టినచో చుట్టుకొని పగులును. తెల్లసొన పూఁతగల మిక్కిలి ప్రాఁత పటములను మాత్రము నీటిలో నానఁబెట్టరాదు. చట్రములోని పటము అద్దముతోఁ దడిసినచో, ఆఱకముందే చట్రమును విప్పవలెను. అప్పటికే అద్దమునకు అంటుకొన్నదానిని ఊడదీయక, అద్దముతోనే నకలు తీయించుట వివేకము. అన్నిటిని ఆఱఁబెట్టుటకు తెఱపి లేనప్పుడు మంచుపెట్టెలో గడ్డకట్టించి, తీఱికగా కొన్నికొన్నిగా తీసి చూచుకొనవచ్చునని నిపుణులు చెప్పుదురు. వఱద వచ్చిన ఊరిలో కరెంటు ఉండదు గనుక, ఈ యుపాయమునకు ఎండిన ఊరిలోని చుట్టముల యింటికిఁ బోవలసినదే.

తేమనుండి, పురుగునుండి, ఉప్పెననుండి తప్పించుకొన్న పటమునకు మఱియొక మరణము కలదు. అది పేరు పోవుట. పటములోని వారెవరో చెప్పఁగల ముదుసలి కన్నుమూసిన నాఁడు, కాగితము చెక్కుచెదరకున్నను, అందలి మనుజుఁడు రెండవమాఱు చనిపోవును. చాల యిండ్లలో తలపాగ పెట్టిన ఒక పెద్దమనిషి పటము ఉండును. ముత్తాతయనియు, ముత్తాత తమ్ముఁడనియు వాదములు ఉండును. ఇట్టిచోట పరిశోధకునకు ఆధారములు కొన్ని మిగులును. అట్టమీఁద అచ్చొత్తిన స్టూడియో పేరు, ఊరు, కాగితపు జాతి, వెనుకనున్న తెరబొమ్మ, కుర్చీ. ఇవి కాలమును దశకమువఱకు చెప్పఁగలవు కాని పేరు చెప్పలేవు.

పేరు వ్రాయుటకు తగినది మెత్తని పెన్సిలు. వెనుకవైపున, అంచున, గట్టి పలకమీఁద నుంచి తేలికగా వ్రాయవలెను. బాలుపెన్ను వ్రాఁత ముందువైపునకు ఉబ్బును, సిరా తడికి వ్యాపించును. ఇటీవలి ప్లాస్టికు పూఁతగల కాగితముపై పెన్సిలు పట్టదు. వానికి కవరుమీఁద వ్రాయుట తగును. ఏమి వ్రాయవలెననుటలో తాళపత్ర లేఖకుఁడే గురువు: ఎవరు, ఎవరి సంతతి, ఏ యూరు, ఏ సందర్భము, ఏ సంవత్సరము. అఱువదేండ్ల చిక్కు రాకుండ క్రీస్తుశకాబ్దమును కూడ వేయవలెను. గుంపు ఫొటోలో ఎడమనుండి కుడికి వరుస చెప్పవలెను. ఆఁడువారి పేరులకు పుట్టినింటిపేరు సహితము వ్రాయుట అత్యవసరము. లేనిచో రెండు తరములలో ఆమె ఏ యింటి బిడ్డయో తెలియదు. ప్రాఁత పటములపై “ఫలానివారి భార్య” అని మాత్రమే వ్రాసి, ఆమె పేరే విడిచిన ఉదాహరణములు తక్కువ కావు.

ఇఁక క్రమము. తేదీని బట్టి అమర్చుట పాశ్చాత్య గ్రంథములు చెప్పు మార్గము. ఈ ప్రాంతపు పటములలో తేదీ తెలిసినవి కొన్నియే. ఇంటిపేరును బట్టి విభజించి, అందు తరమును బట్టి, అందు పెండ్లి, ఉపనయనము, యాత్ర, బడి మొదలగు సందర్భమును బట్టి వరుస పెట్టుట ఇచ్చటి యిండ్లకు పొసఁగును. తాళపత్రములకు ఆకుసంఖ్య వేసినట్లు ప్రతి కవరునకును ఒక సంఖ్య వేసి, ఆ సంఖ్యల పట్టికను ఒక నోటుపుస్తకములో వ్రాసినచో, పటములు చెదరినను వరుస చెదరదు. ఆ పట్టికకు రెండవ ప్రతి వేఱొక యింట ఉండవలెను.

నేఁడు పటమును యంత్రముతో నకలు తీసి, ఫోనులోను కంప్యూటరులోను ఉంచుట సులువైనది. ఇది మంచిదే, ప్రతి తీయుట ఇంత చౌకగా ఎన్నఁడును లేదు. కాని ఫోను పోయినచో నకలును పోవును; పేరు వ్రాయని నకలు పేరులేని పటముకంటె మేలు కాదు. నకలు తీసినారము గదా యని కాగితపు పటమును పాఱవేసినవారు, అట్టమీఁది స్టూడియో ముద్రను, వెనుకనున్న తాతగారి చేవ్రాఁతను కూడ పాఱవేసినవారైరి. ముందువైపుతో పాటు వెనుకవైపును నకలు తీయవలెను. ఒక ప్రతి బంటుమిల్లిలో నున్నచో, రెండవది సముద్రమునకు దూరముగా, కూఁతురుండు ఊరిలో ఉండవలెను.